ఎఫ్ వరసలో పదకొండో కుర్చీ

ఫిలోమినా పొద్దున్న ఏడున్నరకల్లా షాపు తలుపులు తీసి, మిషనుకి నూనె చుక్క వేసి, నిన్న సగంలో ఆపిన జాకెట్టుకి చేతులు అతకడం మొదలుపెట్టింది. యానాంలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే షాపులు చాలానే ఉన్నాయి గాని, ఇస్తానన్న రోజున ఇచ్చే షాపు ఇదొక్కటేనని పేరు. ఆ పేరు నిలబెట్టుకోడానికి క్రిస్మస్ ముందు వారం ఆవిడ అన్నం కూడా మిషను బల్ల మీదే తినేది. మొండి మనిషి. నలభై ఒక్క ఏళ్ళొచ్చేసరికి ఆవిడకి మిగిలినవి ఆ మిషను, చర్చి వెనకాల ఒంటిగది ఇల్లు, ఆ మొండితనం.

ఆ రోజు గురువారం. శుక్రవారం సినిమాలు మారతాయి కాబట్టి గురువారం పొద్దున్నే మైకు కట్టిన ఆటో ఊరంతా తిరిగి "నేడే ఆఖరు" అని అరిచి వెళ్తుంది. గోదావరి మీద వంతెన వచ్చి రెండేళ్ళయినా, ఆ ఆటోకి పాత రేవు దగ్గర కాసేపు ఆగే అలవాటు పోలేదు. నది దాటించే పంటు కోసం కాచుకునే జనం అక్కడిప్పుడు ఎవరూ లేరు. అయినా ఆగి, నదికి రెండు సినిమాల పేర్లూ చెప్పి, అప్పుడు చర్చి వీధిలోకి వచ్చింది. కొత్త హాల్లో అక్కచెల్లెళ్ళ ఏడుపు సినిమా. పాత హాల్లో మేక సినిమా, ఆఖరు దానికే.

మేక సినిమాకి వేరే పేరుంది గాని ఊళ్ళో ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవరు. అందులో ఒక మేక పెళ్ళింట్లో దూరి ముందు శుభలేఖలు, తర్వాత పెళ్ళికొడుకు కండువా, ఆఖరికి పురోహితుడి పంచాంగం నమిలేస్తుంది. ఇరవై రెండేళ్ళ నాటి సినిమా, ప్రతి ఎండాకాలం ఓ వారం పాత హాల్లో ఆడుతుంది. జనం వెళ్ళేది మేక కోసం కాదు, కుర్చీల కోసం.

పాత హాల్లో కుర్చీలు నవ్వుతాయి. ఈ సంగతి యానాంలో ఎవరికీ చెప్పక్కర్లేదు, పై ఊరి నుంచి వచ్చినవాళ్ళకే చెప్పాలి. అవి కొబ్బరి పీచు కూరిన కుర్చీలు. ఆ పీచులోకి ఒక సినిమాకి ఒక్క నవ్వే ఇంకుతుంది, అదీ ఆ కుర్చీలో కూచున్నవాళ్ళు నవ్విన వాటన్నిటిలోకీ పెద్దది. మళ్ళీ ఆ సినిమా వేస్తే, సరిగ్గా అదే చోట కుర్చీ ఆ నవ్వే నవ్వుతుంది. సి వరసలో రెండో కుర్చీ పోయిన పోస్టుమాస్టరు గారిది. ఆయనకి చెవుడు కాబట్టి అది అందరి తర్వాత నవ్వుతుంది. ఆయన భార్య ఏటా వచ్చి పక్క కుర్చీలో కూచుని, ఆ నవ్వు వినగానే లేచి ఇంటికెళ్ళిపోతుంది, వంట ఉందని.

పది గంటలకి షాపు ముందు ఇంకో ఆటో ఆగింది. లూయిస్ దిగాడు.

లూయిస్‌కి నలభై అయిదేళ్ళు. మంచాన పడ్డ తల్లిని చూసుకుంటూ పెళ్ళి ఈడు దాటించేశాడు. పంటు నడిచినన్నాళ్ళూ దాని మీద తాళ్ళు వేసే పని చేసి, అది ఆగిపోయాక ఆటో కొనుక్కుని వంతెన మీద యానానికీ ఎదుర్లంకకీ మధ్య తిప్పుతున్నాడు. ఈ రెండేళ్ళలో ఫిలోమినా దగ్గర తొమ్మిది చొక్కాలు కుట్టించుకున్నాడు. మగాడు లేడీస్ టైలరు దగ్గర చొక్కాలు కుట్టించుకోవడం ఊళ్ళో వింతే, కుర్చీలు నవ్వడం కంటే పెద్ద వింత. తొమ్మిదోది తీసుకెళ్ళిన రోజున, "చొక్కాలు చాలండి, మిమ్మల్ని పెళ్ళి చేసుకుందామని ఉందండి" అన్నాడు. ఫిలోమినా చేతిలో ఉన్న గుండుసూది వేలికి గుచ్చుకుంది. ఆలోచించి చెప్తానంది. పదిహేను రోజులు ఆలోచించింది.

ఆలోచించి వద్దనుకుంది. మనిషి మంచివాడు, అందులో అనుమానం లేదు. కాని ఇరవై ఏళ్ళ వయసులో ఒకసారి ఒకరింటికి వెళ్ళి ఏమైందో ఆవిడకి బాగా గుర్తు. వెళ్ళిన వారానికే పెరట్లో ఏదో చూసి పగలబడి నవ్వితే, అత్తగారు అంట్లు తోముతూనే "నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్ణీ నమ్మకూడదు" అంది. మొగుడు తలెత్తకుండా తల్లి మాటకి తలూపాడు. ఆ రోజు నుంచి ఫిలోమినా అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చుకుంది, తర్వాత ముక్కుతో నవ్వడం, ఆ తర్వాత అదీ మానేసింది. మొగుడు కాలేయం పాడై చనిపోయి ఏడేళ్ళయింది. అత్తగారూ పోయింది. చెయ్యి మాత్రం ఇంకా నోటికి అడ్డం వస్తూనే ఉంది.

"సాయంత్రం ఫస్టు షోకి అనుకున్నాం కదండి," అన్నాడు లూయిస్ గుమ్మంలో నిలబడి. "పాత హాలుకెల్దామండి. మేక సినిమా."

"కొత్త హాలండి," అంది ఫిలోమినా కత్తిరిస్తున్న గుడ్డ మీంచి కళ్ళెత్తకుండా. "అక్కచెల్లెళ్ళ సినిమా. అందరూ బావుందంటన్నారు."

"అది ఏడుపండి బాబూ."

"ఏడిత్తే తప్పేంటండి? పక్కనోళ్ళు కూడా ఏడుత్తారు. ఎవరూ ఎవర్నీ చూడరు."

ఆవిడ లెక్క ఆవిడకుంది. నవ్వుల సినిమాలో రెండున్నర గంటలు నోరు బిగబట్టుకు కూచోవడం పనిలా ఉంటుంది. ఏడుపు తేలిక.

"ఆ సినిమా ఇంకో రెండు వారాలుంటాదండి. మేకది ఇయాళే ఆఖరు. మళ్ళీ ఏడాది దాకా రాదు," అన్నాడు లూయిస్.

"రాకపోతే ఏంటండి? ఆ మేక తినేది మీ కండువా కాదు కదా."

లూయిస్ కదల్లేదు. ఆటోలో ఎక్కి కూచున్న ఇద్దరు మెట్టకూరు ఆడవాళ్ళు హారను నొక్కారు. అయినా కదల్లేదు. "నేను మిమ్మల్ని ఇంకేదీ అడగనండి. ఈ ఒక్కటీ అడుగుతన్నాను. ఎందుకంటే చెప్పలేను, చూత్తే తెలుత్తాది," అన్నాడు.

ఫిలోమినా కత్తెర కింద పెట్టింది. ఈ మనిషి మొండితనం తన మొండితనానికి తీసిపోదని మొదటిసారి తోచింది.

"సరేనండి, వత్తాను. కాని ఒక్క మాట. ఇంటర్వెల్లులో మీకు జవాబు చెప్పేత్తాను. ఏం చెప్పినా మళ్ళీ అడక్కూడదు."

"ఆయ్. అడగనండి," అన్నాడు లూయిస్. జవాబేమిటో అతనికి ఆవిడ మొహంలోనే కనపడింది. అయినా ఆటో ఎక్కి, తిన్నగా పాత హాలుకే వెళ్ళి, ఎఫ్ వరసలో పదకొండు, పన్నెండు నంబర్లు తనకే అట్టేపెట్టమని టిక్కెట్ల గదిలో చెప్పి, అప్పుడు మెట్టకూరు ఆడవాళ్ళని దింపడానికి వెళ్ళాడు. వాళ్ళు దారంతా తిట్టారు.

పగలంతా ఫిలోమినా ఒకే మాట వల్లించుకుంది. మీరు మంచోరేనండి, నాకే వద్దండి. జాకెట్టుకి హుక్కులు కుడుతూ వల్లించింది, మధ్యాహ్నం గంజిలో మామిడికాయ నంజుకుంటూ వల్లించింది. అయిదున్నరకి నీలం చీర కట్టుకుని బయల్దేరేటప్పటికి ఆ మాట పాదిరిగారి ప్రార్థనంత కంఠతా వచ్చేసింది.

పెళ్ళయ్యాక ఆవిడ పాత హాల్లో సినిమా చూడనే లేదు. పోయిన నెలలో మాత్రం పగటిపూట రెండుసార్లు వెళ్ళింది. ఎఫ్ వరస ఫ్యాన్ల కింద ఉంటుంది కాబట్టి అందరూ అక్కడే కూచుంటారు, అందుకని ఆ వరస రెగ్జిన్ తొడుగులన్నీ చిరిగిపోయాయి. హాలు యజమాని పదహారు కొత్త తొడుగులు ఈవిడ చేతే కుట్టించాడు, వాటి మీద తెల్లగుడ్డ నంబర్లతో సహా. ఇస్తానన్న రోజుకి ఇచ్చి, పనివాళ్ళ పక్కన నిలబడి ఏ తొడుగు ఏ కుర్చీకో తనే చూపించి మరీ వేయించింది.

లూయిస్ హాలు మెట్ల మీద నిలబడి ఉన్నాడు, తొమ్మిదో చొక్కా వేసుకుని. జేబు ఒక అరంగుళం ఎత్తుగా పడిందని ఫిలోమినాకి అంత దూరం నుంచే కనపడింది. లోపలికి వెళ్ళేటప్పుడు పది మంది చూశారు, నలుగురు పలకరించారు. ఫిలోమినా తల దించుకోలేదు. వద్దని చెప్పడానికి వచ్చింది, తల దించుకోవాల్సిన పని లేదు.

నంబరు చూసుకుని ఆవిడ పదకొండులో కూచుంది, అతను పన్నెండులో కూచున్నాడు. లూయిస్ పైకి చూశాడు. ఫ్యాను ఎప్పటికంటే కొంచెం పక్కకి జరిగినట్టనిపించింది గాని, నంబరు నంబరే కదా అనుకున్నాడు. అదే వరసలో ఇటు అయిదు కుర్చీల అవతల చేపలమ్మే బుల్లెమ్మ కూచుని వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. దరియాలతిప్ప నుంచి ఏటా ఈ సినిమాకి వస్తుందావిడ.

"ఏవమ్మా ఫిలోమినా, నా జాకెట్టు శనారం ఇత్తానన్నావు," అంది అక్కడి నుంచే.

"శనివారమే ఇత్తాను పిన్నీ."

సినిమా మొదలైంది. పెళ్ళింటివాళ్ళ కంగారు కాసేపు సాగింది. ఫిలోమినా తెర వైపు చూస్తూ మనసులో తన మాట ఇంకోసారి వల్లించుకుంది. లూయిస్ తెర వైపు చూడ్డం లేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, రేవు కనిపించాక తాడు పట్టుకు నిలబడ్డవాడిలా కాచుకుని ఉన్నాడు.

మేక వచ్చింది. బల్ల మీది శుభలేఖల కట్ట వాసన చూసింది. మొదటి శుభలేఖ నోట్లో పెట్టుకుంది.

హాలంతా నవ్వింది, మనుషులూ కుర్చీలూ. ఫిలోమినా కింద ఉన్న కుర్చీ కూడా నవ్వింది. ఎవరో ముసలాయన నవ్వు, సగం దగ్గు. లూయిస్ మొహం పాలిపోయింది. లేచి నిలబడి, వంగి, ఆవిడ కుర్చీ వీపుకి చెవి ఆనించాడు.

"ఏంటండిది, కూచోండి," అంది ఫిలోమినా.

"ఇది కాదండి," అన్నాడు. "ఇది కానే కాదు."

అప్పుడు బుల్లెమ్మ కింద నుంచి ఆ నవ్వు బయల్దేరింది.

ముందు చిన్నగా, బిందె నిండుతున్న చప్పుడులా. తర్వాత ఒక మెట్టు పైకి, ఇంకో మెట్టు పైకి, ఊపిరందక ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదటికంటే జోరుగా. ఆ నవ్వు సంగతి తెలిసినవాళ్ళు నమలడం ఆపి విన్నారు. వెనకెవరో "ఆఁ, వచ్చింది" అన్నారు. ఫిలోమినాకి ముందు ఒళ్ళు మండింది. అడ్డూ ఆపూ లేకుండా ఏం నవ్వది, ఎవరో గాని ఎవరికీ భయపడనిది. తర్వాత ఈర్ష్య పుట్టింది. ఎవరో అదృష్టవంతురాలు, తనకలాంటి నవ్వు లేకపోయింది అనుకుంది.

నవ్వు చివర్న పిచిక అరిచినట్టు సన్నటి కూత ఒకటి వచ్చింది.

ఫిలోమినా ఆ కూతని గుర్తుపట్టింది. ఆ కూత విని ఆవిణ్ణి నాన్న "పిచికమ్మా" అని పిలిచేవాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు, పెళ్ళికి ముందు వేసవిలో, అక్కతో కలిసి ఇదే హాల్లో ఈ మేకనే చూసింది. నవ్వలేక పొట్ట పట్టుకుని అక్క ఒళ్ళో పడిపోయింది. ఇరవై రెండేళ్ళు. తను పారేసుకుందనుకున్నది ఇక్కడే ఉంది, ఎండాకాలం ఎండాకాలం ఊరందరికీ వినపడుతూ. పోయిన నెల దాని మీద కొత్త తొడుగు తన చేత్తోనే తొడిగించింది కూడా.

"అది పదకొండులో ఉండాలండి," అంటున్నాడు లూయిస్ పక్కన, దాదాపు ఏడుపు గొంతుతో. "ఏటా పదకొండులోనే ఉంటాది. ఎలా మారిందో మరి."

ఎలా మారిందో ఫిలోమినాకి ఒక్కసారిగా అర్థమైంది. కొలతలు తీసిన రోజున తెరకి వీపు పెట్టి, కుర్చీలకి ఎదురుగా నిలబడి, తన ఎడమ చేతి వైపు నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. తన ఎడమ కూచునేవాళ్ళకి కుడి. వరస మొత్తం తిరగబడింది. ఒకటి పదహారైంది, పదకొండు వెళ్ళి ఆరైంది. నెల రోజులుగా ఎవరూ పట్టించుకోలేదు, యానాంలో జనం నంబరు చూసి కాదు, ఫ్యాను చూసి కూచుంటారు. ఊరు మొత్తం మీద నంబరు నమ్ముకున్న మనిషి ఈ లూయిస్ ఒక్కడే.

ఇంటర్వెల్లు పడింది. లైట్లు వెలిగాయి.

"ఆ నవ్వు ఎవరిదో మీకు తెలుసాండి?" అనడిగింది ఫిలోమినా.

"మీదండి," అన్నాడు లూయిస్. "పన్నెండేళ్ళ కితం మొదటిసారి విన్నాను. ఖాళీ దొరికి ఊరికే ఆ కుర్చీలో కూచున్నాను. అప్పట్నుంచి ఏటా అందులోనే కూచుంటన్నాను. మేక అంత నవ్వొచ్చేదేం కాదండి. ఆ నవ్వు ఎవరిదోనని ఊళ్ళో సగం మందిని నవ్వించి చూశాను. ఎవరిదీ కాదు. ఓ రోజు పంటు మీద గాలికి ఎవరిదో గొడుగు ఎగిరిపోయి నీళ్ళలో పడింది. మీరు నవ్వబోయి చెయ్యి అడ్డం పెట్టేసుకున్నారు. కాని చివర్న ఆ కూత బయటికొచ్చేసింది. చేతిలో తాడు వదిలేశానండి ఆ పూట, పంటు వెళ్ళి రేవుకి గుద్దుకుంది."

ఫిలోమినాకి ఆ గుద్దుడు గుర్తుంది. పంటులో అందరూ ఆ తాళ్ళవాణ్ణి తిట్టారు, తనూ తిట్టింది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంటండి?"

"చెప్తే నమ్మరనండి. మీ నవ్వు మీరు వినాలి కదా. నేను చెప్పేదేటి." అతను చేతులు దులుపుకుని నిటారుగా కూచున్నాడు. "ఇంటర్వెల్లయింది. మీరు జవాబు చెప్తానన్నారు. చెప్పేయండి. నేను మళ్ళీ అడగను."

పొద్దున్నుంచి వల్లించిన మాట నాలిక చివరే ఉంది.  

"సినిమా అయ్యాక చెప్తానండి," అంది.

ఫిలోమినా అన్న వేళకి ఇవ్వకపోవడం అదే మొదటిసారి.

ఆవిడ లేచి అయిదు కుర్చీలు దాటి వెళ్ళింది. "పిన్నీ, నువ్వు కూచుంది నా కుర్చీ. కొంచెం లే."

బుల్లెమ్మ ఆరు నంబరు చూసి, ఫిలోమినా మొహం చూసింది. "నీ కుర్చీ ఏంటే పిల్లా? ఆ నవ్వు కోసం నేను మూడింటికే వచ్చి..." అని ఆగిపోయింది. ఇంకోసారి చూసింది. తర్వాత వేరుశెనక్కాయల పొట్లం తీసుకుని, ఒక కుర్చీ వదిలి అవతలి దాంట్లోకి జరిగింది. వదిలిన కుర్చీలో లూయిస్ వచ్చి కూచున్నాడు.

రెండో సగంలో మేక కండువా తింది, అప్పుడు కుర్చీ ఊరుకుంది. పీటల మీద పెళ్ళి జరుగుతుంటే మేక పురోహితుడి వెనక చేరి పంచాంగం అందుకుంది. ఆయన వెనక్కి చూడకుండా ముహూర్తం కోసం చేత్తో తడుముకుని మేక గడ్డం పట్టుకున్నాడు. ఒక ఆటలో రెండోసారి ఎన్నడూ నవ్వని ఆ కుర్చీలో, తన మనిషే వచ్చి కూచుందని కాబోలు, ఫిలోమినా వెన్ను కింద పీచు మళ్ళీ కదిలింది. పంతొమ్మిదేళ్ళ నవ్వు ఒంట్లోకి ఎక్కుతోంది. అలవాటు ప్రకారం చెయ్యి నోటి దాకా వచ్చింది. ఆవిడ ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని, బలవంతంగా కిందికి దించి, ఒళ్ళో నొక్కి పెట్టింది. నవ్వింది.

ఇరవై రెండేళ్ళు మూత పెట్టిన నవ్వు, మెట్లు ఎక్కే ఓపిక దానికి లేదు. ఒకేసారి పైకి లేచింది. కిందున్న నవ్వూ పైనున్న నవ్వూ కలిసి, ఊపిరందక ఒకేచోట ఆగి, ఒకేచోట మళ్ళీ మొదలై, చివర్న రెండు పిచికలు ఒకదాని వెనక ఒకటి కూశాయి. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి తెరని వదిలేసి ఈవిణ్ణే చూశారు. ఆవిడ ఎవర్నీ చూడలేదు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ ఇంకా నవ్వుతూనే ఉంది.

లూయిస్ మాత్రం ఏడుస్తున్నాడు. మొహం దాచుకోకుండా, కొత్త చొక్కా భుజానికి తుడుచుకుంటూ ఏడ్చాడు.

బుల్లెమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "నవ్వే ఆడదీ, ఏడ్చే మగాడూ," అంది. "మిమ్మల్ని ఊళ్ళో ఎవరూ నమ్మరు. ఒకళ్ళనొకళ్ళు నమ్ముకోండి ఇంక." అని మిగిలిన వేరుశెనక్కాయలు ఫిలోమినా ఒళ్ళో పోసింది.

బయటికొచ్చి ఇద్దరూ ఆటో దాకా నడిచారు. మాటిచ్చాడు కాబట్టి లూయిస్ అడగలేదు. ఆటోలో కూచున్నాక ఫిలోమినాయే అంది.

"మీ కొలతలు నా దగ్గరున్నాయి కదండి. పదో చొక్కా కుట్టాలి. తెల్లది. జేబు ఈసారి అరంగుళం కిందకి పెడతాను."

లూయిస్ తాళం తిప్పబోయి ఆగాడు.

"ఫాదరు గారికి ఏ రోజు కుదురుద్దో కనుక్కుని నాకు చెప్పండి. ఆ రోజుకి ఇచ్చేత్తాను. కాని అది వేసుకుని మీరే మా ఇంటికి రావాలి. నేను ఇంకోసారి ఎవరింటికీ వెళ్ళను."

"ఆయ్," అన్నాడు లూయిస్. తాళం తిప్పాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ కత్తెర పట్టుకుని పాత హాలుకి వెళ్ళి, పదహారు నంబర్లూ విప్పి, ఈసారి తెర వైపు మొహం పెట్టి లెక్కపెట్టి, మళ్ళీ కుట్టి వచ్చింది. బుల్లెమ్మ జాకెట్టు శనివారం ఇచ్చేసింది. తెల్ల చొక్కా అన్న రోజుకి ఇచ్చింది.

మరుసటి ఎండాకాలం మేక సినిమా మళ్ళీ వచ్చింది. పదకొండో కుర్చీ నవ్వు మారిందని అందరూ గమనించారు, మునుపటికంటే పెద్దది, కాస్త బొంగురు, కూత మాత్రం అదే. ఇంకోటి కూడా గమనించారు. పక్కనున్న పన్నెండో కుర్చీలోకి ఆ వారం మొదటి ఆటల్లోనే ఒక మగ నవ్వు వచ్చి చేరింది. అది మేక శుభలేఖ తిన్నప్పుడు నవ్వదు, కండువా తిన్నప్పుడూ నవ్వదు. పదకొండో కుర్చీ నవ్వడం పూర్తయ్యాక, ఆ పిచిక కూత విని, అప్పుడు నవ్వుతుంది.